పందికి జ్వరమొస్తే...

2025 ఫిబ్రవరిలో కోదాడలో మా ఆడపడుచు మనవరాలికి ఓణీల వేడుక. పేరుకి ఓణీలే గాని పెళ్ళంత హడావుడి. వంటవాళ్ళతో మాట్లాడటం, వంటల లెక్క తేల్చుకోవటం అంతా పదిరోజుల ముందే అయిపోయింది. తీరా నాలుగు రోజులుందనగా పేపర్లో పడింది: ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్ళు కుప్పలు కుప్పలుగా చచ్చిపోతున్నాయనీ, భోపాల్ లాబొరేటరీ వాళ్ళు అది బర్డ్ ఫ్లూ అని తేల్చారనీ. కోదాడ దాటి విజయవాడ వైపు వెళితే రామాపురం క్రాస్ రోడ్డు వస్తుంది. అక్కడ చెక్‌పోస్టు పెట్టి, ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ళ లారీలను వెనక్కి తిప్పి పంపటం మొదలుపెట్టారు.

ఇక చూడండి మా ఆడపడుచు అవస్థ! "కోడికూర లేకుండా ఫంక్షనేమిటి, నలుగురూ నవ్వరూ?" అని మగవాళ్ళు. "నవ్వితే నవ్వారు, ప్రాణం మీదికి తెచ్చుకుంటామా?" అని ఆడవాళ్ళు. బాగా ఉడికించి తింటే ఏమీ కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. వినేదెవరు? చివరికి యాటకూర వండించారు. ఖర్చు రెట్టింపు, కూర సగం. అందరం తిన్నాం, అందరం కోడికూరనే తలుచుకున్నాం.

ఆ ముచ్చట్లు చెప్పుకుంటూ మిర్యాలగూడ తిరిగొచ్చిన రెండో వారం, మా ఇంట్లో అంట్లు తోమే ఆమె పని చేస్తున్నదల్లా ఆగి, చెయ్యి కడుక్కుని వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె పుట్టిల్లు సూర్యాపేట పక్కన. వాళ్ళన్న పందులు పెంచుతాడు. తాతల నాటి నుంచి వాళ్ళది అదే పని.

"అమ్మా, మా అన్న పందికి జరమొచ్చి సచ్చింది. కోసి అందరికీ పంచిండు. నాకూ డబ్బాల పెట్టి బస్సుల పంపిండు. తినాల్నా, పారెయ్యాల్నా?" అని అడిగింది.

నేను ఏమన్నానో తెలుసా? "ఛీ!" అన్నాను. అంతే. ఆమె ఇంకేమీ అనలేదు. తల వంచుకుని వెళ్ళి మళ్ళీ గిన్నెలు తోముకుంది.

రాత్రి పడుకున్నాక ఆ "ఛీ" నన్ను నిద్రపోనివ్వలేదు. కోడి మీద భయం వస్తే ఊరంతా డాక్టర్లనడిగాం, పేపర్లు తిరగేశాం, వియ్యాలవారితో చర్చలు చేశాం. ఆమె అడిగిందీ అదే ప్రశ్న. కాకపోతే మనం తినని జంతువు గురించి అడిగింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సోషలు పాఠాలు చెప్పినదాన్ని, నా దగ్గర జవాబు లేదు సరిగదా, ఒక ఈసడింపు మాత్రం ఉంది!

అసలు పందిని చూసి ముక్కు మూసుకోవటం మనకెప్పటినుంచి వచ్చిందో గాని, మన చరిత్రలో దాని వైభవం తక్కువది కాదు. చాళుక్యుల రాజముద్రిక వరాహం. మన పెద్దలు లెక్కపెట్టుకున్న బంగారు నాణెం పేరు వరహా. ఆ పేరు వరాహం నుంచి వచ్చిందే. వరహా చేతికొస్తే కళ్ళకద్దుకున్నాం, వరాహం వీధిలోకొస్తే కర్ర తీశాం. లోకం తీరు!

మర్నాడు మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేశాను. పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. అంతా విని, "అక్కా, కూర సంగతి తర్వాత. ఆ కూర కడిగిన నీళ్ళు ఎక్కడ పోసిందో అడుగు ముందు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. కూర తింటే ప్రమాదమా అని నేనడిగితే, కడిగిన నీళ్ళంటాడేమిటి? వాడి దగ్గర కూర్చుని రెండు మూడు ఆదివారాలు పాఠం చెప్పించుకున్నాను. కొంత నేనూ చదివాను. అప్పుడు తెలిసింది, పంది జబ్బుల చరిత్ర అంటే సగం పందిది, సగం మన భయాలది అని.

మొదట మా ప్రాంతానికి బాగా తెలిసిన భయం చెబుతాను. మెదడువాపు వ్యాధి. జపానులో మొదట గుర్తించారు కాబట్టి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. మన దేశంలో 1955లో వెల్లూరు ప్రాంతంలో బయటపడింది. ఈ వైరస్‌కి అసలు ఇల్లు కొంగలూ, నీటిపక్షులూ. అక్కడినుంచి దోమ ద్వారా పందిలోకి వస్తుంది. పందికి పెద్దగా జబ్బు చెయ్యదు గాని, దాని రక్తంలో వైరస్ వేలంవెర్రిగా పెరుగుతుంది. ఆ పందిని కుట్టిన దోమ మన పిల్లల్ని కుడితే ప్రమాదం. ఆ దోమలు గుడ్లు పెట్టేది ఎక్కడనుకున్నారు? వరిమడుల్లో. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు కాలువల్లోకి వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టుపక్కల మెట్టపొలాలు పచ్చని మాగాణులయ్యాయి. రైసుమిల్లులొచ్చాయి, మా ఇళ్ళలో సన్నబియ్యం వచ్చింది. వరి ఉన్నచోటికి కొంగా, దోమా కూడా పిలవకుండానే వస్తాయి మరి.

1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు విజృంభించినప్పుడు ఊళ్ళలో పందులంటే జనం హడలిపోయారు. "పందులు ఊళ్ళో ఉండటానికి వీల్లేదు" అని మా వీధి వాళ్ళంతా సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఇళ్ళ మధ్య పందులుండకపోవటం మంచిదే, కాదనను. కాని అప్పుడు మా వీధిలో వాటి మాంసం గురించి ఎన్ని కథలు పుట్టాయో! నిజానికి ఆ వైరస్ మాంసం తింటే రాదు, మనిషి నుంచి మనిషికీ రాదు. దోమ కుడితేనే వస్తుంది. దోమతెరా, టీకా, ఈ రెండే దానికి మందు. 2013లో హైదరాబాదులోని భారత్ బయోటెక్ పుణె వైరాలజీ సంస్థతో కలిసి స్వదేశీ టీకాను తీసుకొచ్చింది. దానికి వాడిన వైరస్ 1981లో కర్ణాటకలోని కోలారులో దొరికినది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మలేషియాలో ఇంకో కథ నడిచింది. 1998 చివర పందులు పెంచేవాళ్ళకు జ్వరాలొచ్చి, స్పృహ తప్పి చనిపోతున్నారు. అక్కడి ప్రభుత్వం దాన్నీ మెదడువాపే అనుకుంది. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. చావులు ఆగలేదు. 1999 మార్చిలో చువా కావ్ బింగ్ అనే యువ వైద్యుడు మైక్రోస్కోపులో చూసి ఇది కొత్త వైరస్ అని కనిపెట్టాడు. ఒక రోగి ఊరు సుంగై నిపా. అదే దానికి పేరైంది. గబ్బిలాలు కొరికి పడేసిన పళ్ళను పందులు తినటం, పందుల నుంచి మనుషులకు అంటటం. మలేషియాలో 265 మందికి వచ్చింది, 105 మంది పోయారు. పది లక్షలకు పైగా పందుల్ని చంపేశారు. సింగపూరులో 11 మందికి వచ్చింది. వాళ్ళు కబేళాలో పనిచేసేవాళ్ళు.

ఇక్కడ ఒక్క విషయం నా మనసులో నాటుకుంది. జబ్బుపడ్డది ప్రధానంగా పెంచినవాళ్ళు, కోసినవాళ్ళు. అంటే కుండలో ఉడికిన కూర కంటే, జబ్బు జంతువును పట్టుకున్న చెయ్యికే ప్రమాదం ఎక్కువ. మనమేమో ఎప్పుడూ పళ్ళెం వైపే చూసి భయపడతాం.

తర్వాత 2009. స్వైన్ ఫ్లూ! మీ అందరికీ గుర్తే ఉంటుంది. మన దేశంలో మొదటి కేసు బయటపడింది మన హైదరాబాదులోనే, ఆ ఏడు మే నెలలో, అమెరికా నుంచి విమానం దిగిన ఒక యువకుడికి. ముక్కులకు గుడ్డలు కట్టుకుని తిరిగాం. స్వైన్ అంటే పంది కాబట్టి పంది మాంసం తింటే వస్తుందని ప్రపంచమంతా అనుకున్నది. ఆ వైరస్‌లో పందుల ఫ్లూ అంశలున్న మాట నిజమే గాని, అది మనిషి నుంచి మనిషికి దగ్గుతో, తుమ్ముతో వ్యాపించింది. సరిగ్గా వండిన పంది మాంసంతో ఇది రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఏప్రిల్ 30న పేరు కూడా మార్చి హెచ్1ఎన్1 అన్నది. కాని ఒకసారి పడ్డ పేరు పోతుందా? మా అత్తగారు పెట్టిన ముద్దుపేర్లలాగా అతుక్కుపోయింది.

ఆ పేరు వల్ల ఈజిప్టులో ఎంత పని జరిగిందో వినండి. పేరు మారటానికి ముందురోజే, ఏప్రిల్ 29న, అక్కడి ప్రభుత్వం దేశంలో ఉన్న పందులన్నింటినీ చంపమని ఉత్తర్వు వేసింది. దాదాపు 3 లక్షల పందులు. అప్పటికి అక్కడ ఒక్క పందికీ ఆ ఫ్లూ లేదు. కైరో నగరంలో చెత్త ఎత్తే పేదవాళ్ళు ఇంటింటి ఎంగిలీ తెచ్చి ఆ పందుల్ని మేపుకునేవారు. పందులు పోయాయి, వాళ్ళ బతుకుతెరువు పోయింది. ఎంగిలి ఎత్తేవాళ్ళు లేక కొన్ని నెలలకు కైరో వీధుల్లో చెత్త గుట్టలు పడింది. ఫ్లూ మాత్రం ఆగలేదు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత చాలా దేశాల్లో మనుషుల నుంచే పందులకు ఆ ఫ్లూ అంటింది. వాటికి పేపర్లుంటే 'మనిషి జ్వరం' అని రాసుకునేవి కాబోలు!

ఇక అసలైన పంది జ్వరానికి వస్తాను. ఫ్లూ వేరు, ఫీవర్ వేరు. స్వైన్ ఫీవర్ అనేవి రెండున్నాయి. ఒకటి పాతది, మన దేశంలో 1944లో అలీగఢ్‌లో గుర్తించారు. దానికి టీకా ఉంది. రెండోది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. 1921లో మాంట్‌గొమరీ అనే ఆయన కెన్యాలో దీన్ని వర్ణించాడు. అక్కడి అడవిపందుల్లో ఈ వైరస్ ఏ హానీ చెయ్యకుండా ఉంటుంది. తెల్లదొరలు తెచ్చి పెంచుకున్న పందులు మాత్రం టపటపా రాలిపోయాయి. విపరీతమైన జ్వరం, మేత మానెయ్యటం, చెవులూ పొట్టా ఎర్రగా కమిలినట్టు కావటం. మందలో ఒకదానికొస్తే దాదాపు అన్నీ పోవచ్చు. రెండు జ్వరాలూ పైకి ఒక్కలాగే ఉంటాయి. లాబొరేటరీలో తప్ప తేలదు.

ఈ రెండింటిలో ఏదీ మనుషులకు రాదు. పెంచినా రాదు, తిన్నా రాదు. ఆమె ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది నాకు. అయితే మరి మా తమ్ముడు కడిగిన నీళ్ళ గురించి ఎందుకడిగినట్టు?

1957లో ఈ జ్వరం ఆఫ్రికా దాటి పోర్చుగల్‌లోని లిస్బన్‌కి వచ్చింది. ఎలా? విమానంలో ప్రయాణికులు తినగా మిగిలిన ఎంగిలిని విమానాశ్రయం పక్కన పందులకు మేతగా వేశారట. 2007లో జార్జియా దేశంలోని పోటి రేవులో మొదలైంది. అక్కడా ఓడల వంటింటి చెత్తే కారణమని నిపుణుల అంచనా. ప్రపంచంలోని పందుల్లో సగం ఉన్న చైనాకి 2018 ఆగస్టులో చేరింది. 2020లో మన అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. 2022 జులైలో కేరళలోని వయనాడుకి వచ్చింది. ఈ వైరస్ బహు మొండిది. ఉప్పుపెట్టి ఎండబెట్టిన మాంసంలో నెలల తరబడి, గడ్డకట్టించిన మాంసంలో ఏళ్ళ తరబడి బతికి ఉంటుంది. మాంసం లోపలిదాకా 70 డిగ్రీల వేడి అరగంట తగిలితే చస్తుంది. పందికి కాళ్ళున్నాయి గాని అది ఖండాలు దాటలేదు. జబ్బును దాటించింది మనుషుల డబ్బాలూ, సంచులూ, ఎంగిలి బకెట్లూ.

ఈ పాఠం వింటుంటే సూర్యాపేట నుంచి బస్సెక్కి మిర్యాలగూడ వచ్చిన టిఫిను డబ్బా నా కళ్ళముందు కదిలింది. మన పెరట్లో కుడితి గోళెం కూడా కదిలింది. తిన్న మనిషికి ఏమీ కాదు. ఆ మాంసం కడిగిన నీళ్ళూ, తీసేసిన ఎముకలూ, మిగిలిన కూర ఇంకో పంది ముందు పడితే, ఆ ఇంటి బతుకుతెరువు వారంలో మాయమవుతుంది. "తినొచ్చా?" అనే ప్రశ్నకు రెండు జవాబులున్నాయన్నమాట. ఒకటి మనకి, ఒకటి పందికి.

అలాగని చచ్చిన పందిని తినొచ్చని కాదు సుమండీ. మా తమ్ముడు ఈ మాట గట్టిగా చెప్పాడు. జ్వరంతో చచ్చినదానికి ఏ జబ్బో కంటితో చూసి చెప్పలేం. వైరస్‌తో నీరసించిన ఒంట్లో వేరే సూక్ష్మక్రిములు చేరతాయి. పంది కాలేయం సరిగా ఉడకకపోతే హెపటైటిస్-ఇ అనే కామెర్ల వైరస్ మనుషులకు వచ్చిన సందర్భాలున్నాయి. కోసేవాళ్ళ చేతికి గాయముంటే అదింకో ప్రమాదం. అందుకే చట్టం కూడా చచ్చిన జంతువు మాంసం అమ్మకూడదంటుంది. బతికుండగా డాక్టరు చూసి ఆరోగ్యంగా ఉందన్న జంతువు మాంసం, మెత్తగా ఉడికించి తింటే భయం లేదు. చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. పశువుల ఆస్పత్రికి కబురు చెయ్యాలి.

వింటానికి సులభంగానే ఉంది. కాని అస్సాంలో జబ్బు తేలినచోట చుట్టూ కిలోమీటరు లోపలున్న పందులన్నింటినీ చంపే పద్ధతి పెట్టారు. పరిహారం ఉంటుంది. అయినా మంద మొత్తం పోతుందంటే, పెంచుకున్నవాడు పరుగెత్తుకెళ్ళి చెబుతాడా? దాచిపెడతాడు. చచ్చిన ఒక్కదాన్నైనా కోసి నలుగురికీ పంచుతాడు. వేలు పోసి పెంచిన జంతువు మట్టిపాలు కావటం ఏ పేదవాడికి ఇష్టం? ఆమె డబ్బా పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆ ప్రశ్న వెనక ఇంత లెక్క ఉన్నదని నాకేం తెలుసు.

తెలుసుకున్నదంతా ఆమెకు చెబుదామని కూర్చోబెట్టాను. ముందు ఆ రోజు ఛీ అన్నందుకు నొచ్చుకున్నాను. ఆమె నవ్వింది. "గదేం కొత్తనా అమ్మా" అంది. ఆ నవ్వు నాకు దెబ్బకంటే ఎక్కువ తగిలింది.

"ఆ కూరేం చేశావు?" అన్నాను.

"నువ్వు ఛీ అన్నవని పారేసిన. ఎన్నడూ పారెయ్యలే గట్ల. పిల్లలు ఏడ్చిండ్రు."

"ఎక్కడ పారేశావు?"

"మా ఇంటెనక కుక్కలకేసిన."

"మీ అన్న దగ్గర మిగతా పందులో?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. పదకొండు ఉండేవట. కోసిన చోటే పేగులూ, కడిగిన నీళ్ళూ మిగతావాటి ముందే పోశారట. పదిహేను రోజుల్లో తొమ్మిది పోయాయి. ఏ జబ్బో ఎవరూ పరీక్ష చేయించలేదు. ఇంక తేలేదీ లేదు.

ఆ రోజు నేను ఛీ అనకుండా, "ఉండమ్మా, కనుక్కుని చెబుతాను" అని ఉంటే? సాయంత్రానికల్లా మా తమ్ముడి మాట సూర్యాపేట చేరేది. తొమ్మిదీ బతికేవని చెప్పలేను. నాలుగైనా మిగిలేవేమో. ఈ 'ఏమో'కి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. మా ఇంట్లో, మా వీధిలో మిగిలిన అన్నం, కూరలు ఏళ్ళ తరబడి బకెట్టులో పోసుకుని తీసుకెళ్తున్నది ఆమె. పండగలకూ పబ్బాలకూ వాళ్ళన్న వచ్చి డ్రమ్ములో పట్టుకెళ్ళేవాడు. పందుల మేత అదే. ఆ ఎంగిలిలో ఏముందో మేం చూసిందెప్పుడు? పోయేదే గదా అని పోశాం. ఎంగిలిని అరగంట తెర్ల కాచి, చల్లారాక పందులకు పోస్తే జబ్బు రాకుండా చాలావరకు ఆపవచ్చునట. మాంసం ముక్కలు అసలు కలపకుండా ఉంటే మరీ మంచిదట.

మొన్న వాళ్ళన్న మళ్ళీ రెండు పిల్లల్ని తెచ్చుకున్నాడు. పాత దొడ్డిలో పెట్టొద్దని మా తమ్ముడు ఫోన్లో చెబితే ఇంకోచోట కట్టుకున్నాడు. పాత జ్వరానికి టీకా కూడా వేయిస్తానన్నాడు. అప్పటినుంచి మా పెరట్లో కట్టెలపొయ్యి మీద ఒక పాత గుండిగ ఎక్కింది. ఆదివారం పూట వీధిలో నాలుగిళ్ళ ఎంగిలి అందులో పోసి, నేనే దగ్గరుండి కుతకుతా ఉడికిస్తున్నాను. మా కోడలు గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, మాకు ఇంత ఓపిగ్గా ఎప్పుడైనా వండిపెట్టారా?" అని నవ్వుతుంది.

"మీకు కోడికూర లేకపోతే యాటకూరుంది. వాటికి ఇదొక్కటే గదమ్మా" అంటాను నేను, గరిటె తిప్పుతూ.